పట్టాలు లేచిపోయిన దారులు: బెజవాడ, కృష్ణా డెల్టా

విజయవాడ సత్యనారాయణపురంలో ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు అని పిలిచే వెడల్పాటి రోడ్డు ఒకప్పటి రైలు కట్ట. స్టేషన్ నుంచి తూర్పుకు, గుణదల దిక్కుగా సాగిన పాత లైనును ఎత్తేశాక, పట్టాలున్న జాగాలోనే ఈ రోడ్డు వేశారు. ఇంటికి ఇల్లు ఆనుకుని ఉండే పేటల మధ్య ఇంత నిడివిన, ఇంత వెడల్పున ఖాళీ నేల దొరకడానికి కారణం ఒక్కటే. ఎన్నో దశాబ్దాల పాటు అక్కడ రైళ్లు తప్ప మరేదీ నడవలేదు, ఎవరూ గోడ లేపలేదు. చుట్టూ ఊరు పెరిగింది, మధ్యలో ఆ సన్నటి పట్టీ మాత్రం తెగకుండా మిగిలింది. వాడుక తప్పిన రైలు దారి ఊరికి ఇచ్చి పోయే ఆస్తి ఇదే.

బెజవాడకు రైలు రాకముందే ఈ ప్రాంతంలో రవాణాకు ఒక వ్యవస్థ ఉంది. 1852 నుంచి 1855 వరకు కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. దాన్నుంచి పారిన కాలువలు పొలాలకు నీళ్లిచ్చినట్టే పడవలకూ దారి ఇచ్చాయి. బందరు కాలువలో దిగితే సముద్రపుటొడ్డుకు, ఏలూరు కాలువలో వెళితే గోదావరి డెల్టాకు, దక్షిణాన కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడితే మద్రాసుకు చేరవచ్చు. వడ్లు, ఉప్పు, కట్టెలు, పెళ్లివారు, అందరూ పడవల్లోనే. కృష్ణ, గోదావరి ఆనకట్టల వెనుక ఉన్న ఇంజనీరు ఆర్థర్ కాటన్‌కు రైలు పట్టాలు కొత్త కావు. మద్రాసు దగ్గర రెడ్ హిల్స్‌లో 1837లో రాళ్లు మోసేందుకు వేసిన పట్టాల దారి ఆయనతో ముడిపడినదే. గోదావరి ఆనకట్ట కోసం ధవళేశ్వరంలో 1845లో మరొకటి వేశారు. పని ముగిశాక రెండూ మాయమయ్యాయి. మన ప్రాంతంలో ప్రయాణికుల రైలు కూత వినపడకముందే, వేసి ఎత్తేసిన రైలు దారి ఒకటి ఉందన్నమాట.

బెజవాడ జంక్షన్‌ను ఒక్క కంపెనీ కట్టలేదు. వేర్వేరు అవసరాలతో బయలుదేరిన లైన్లు కృష్ణ ఒడ్డున కలుసుకున్నాయి. మొదటిది పడమటి నుంచి వచ్చింది. 1876–78 నాటి ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాల్లో లక్షల మంది చనిపోయారు. తిండిగింజలు ఉన్నచోటి నుంచి లేనిచోటికి చేర్చే దారి లేకపోవడం ఆ చావులకు పెద్ద కారణమని తేలింది. కరువు రక్షణ రైల్వేల ఆలోచన అక్కడ పుట్టింది. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే ఆ పని చేపట్టింది. బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే అన్న పేరులోనే దాని ఉద్దేశం ఉంది: ఎండిన సీమను తడిసిన డెల్టాతో కలపడం. ఖర్చు తగ్గించేందుకు దాన్ని మీటర్ గేజిలో వేశారు. గుంతకల్లు, నంద్యాల, గుంటూరు మీదుగా అది కృష్ణకు దక్షిణపు ఒడ్డున తాడేపల్లి దాకా వచ్చింది.

రెండోది ఉత్తరం నుంచి. నిజాం రాష్ట్రపు రైల్వే సికింద్రాబాదు నుంచి వరంగల్లు మీదుగా 1889 ఫిబ్రవరిలో బెజవాడ చేరింది. ఇది బ్రాడ్ గేజి. సింగరేణి బొగ్గుకు తీరం వైపు దారి దీనితోనే దొరికింది. మూడోది ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే. బెజవాడ నుంచి కటక్ వైపు దాని ముక్కలు 1893 నుంచి 1896 మధ్య ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. ఆనకట్టకు కాస్త దిగువన 300 అడుగుల గడులు 12 ఉన్న ఇనుప వంతెన కృష్ణను దాటింది. 1899లో మద్రాసు దాకా లైను పూర్తయింది. 1900లో రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచాక కలకత్తా, మద్రాసుల మధ్య తూర్పు తీరపు రైలు దారి మీద బెజవాడ జంక్షన్‌గా నిలిచింది. 1901 జనగణనలో ఈ ఊరి జనం 24,224 మాత్రమే. ఆ చిన్న ఊరికి ఇంత పెద్ద జంక్షన్ ముందు వచ్చింది, నగరం తర్వాత వచ్చింది. ఈ క్రమం మరిచిపోతే బెజవాడ రూపం అర్థం కాదు. ఊరు రైలు కట్టల మధ్య, కాలువ గట్ల మధ్య, కొండల మధ్య దొరికిన చోటల్లా సర్దుకుంది.

బందరు లైను 1908లో వచ్చింది. అదే ఏడాది మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి ఎం.ఎస్.ఎం. రైల్వే అయ్యాయి. పడమటి నుంచి వచ్చిన మీటర్ గేజిని సముద్రం దాకా పొడిగించడమే ఈ లైను పని. అరేబియా సముద్రపుటొడ్డున మార్మగోవా నుంచి బంగాళాఖాతపుటొడ్డున బందరు దాకా, దేశానికి అడ్డంగా ఒకే గేజి దారి ఏర్పడింది. అయితే 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకున్నాక బందరు మునుపటి బందరు కాదు. ఓడలు ఒడ్డుకు మైళ్ల దూరంలోనే లంగరు వేయాల్సిన లోతులేని రేవు అది. రైలు వచ్చింది కానీ, రేవుకు పాత వైభవం రాలేదు. లైను మాత్రం డెల్టా ఊళ్లకు బాగా ఉపయోగపడింది. నిడమానూరు, ఉప్పులూరు, తరిగొప్పుల, ఇందుపల్లి, గుడివాడ, గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, చిలకలపూడి: ఈ స్టేషన్ల వరసను పాత తరం వాళ్లు ఊపిరి తిప్పుకోకుండా చెప్పేవారు. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి మరో మీటర్ గేజి లైను పడింది.

డెల్టాలో రైలు దారి అంటే ముందు కట్ట. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అందుకని మట్టి పోసి, నీరు ఎక్కనంత ఎత్తుకు కట్ట లేపి, దాని మీద కంకర పరిచి, స్లీపర్లు పేర్చి, పట్టాలు బిగించేవారు. కట్ట కోసం మట్టి తవ్విన చోట్ల గుంటలు పడి, వాటిలో తామరలు, తూడు పెరిగేవి. కట్టకు అడుగున ప్రతి పంట కాలువకూ, ప్రతి మురుగు కాలువకూ తూము పెట్టాలి. తూము చాలకపోతే ఎగువ చేలు మునుగుతాయి. పట్టాలు ఎత్తేసినా కట్ట, తూములు, గుంటలు ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని చూసుకునే గ్యాంగ్‌మన్ మాత్రం ఉండడు. పూడిన తూమును తవ్వేవారు లేక నీరు నిలిచే ప్రమాదం వాడుక తప్పిన ప్రతి కట్ట దగ్గరా ఉంటుంది.

మీటర్ గేజి చవక. పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లే కాబట్టి కట్ట సన్నం, వంతెన తేలిక, మలుపు ఇరుకు. బ్రాడ్ గేజిలో ఆ దూరం 1,676 మిల్లీమీటర్లు. ఈ రెండూ కలిసిన చోట అసలు కష్టం మొదలయ్యేది. మీటర్ గేజి వ్యాగనులో వచ్చిన బియ్యపు బస్తా బ్రాడ్ గేజి బండిలోకి తనంత తాను ఎక్కదు. హమాలీలు ఒక్కో బస్తానూ వీపున మోసి ఇటు నుంచి అటు మార్చాలి. కూలి ఖర్చు, కాలహరణం, కారిపోయే గింజలు, అన్నీ కలిసి గేజి మార్పిడిని తప్పనిసరి చేశాయి. డెల్టాలో ఆ పని ముందే మొదలై, 1960ల తొలినాళ్లకు గుడివాడ వైపు లైన్లు బ్రాడ్ గేజికి మారాయి. పడమటి వైపు, నల్లమల దారి, 1992లో దేశమంతటా మొదలైన ఏకగేజి పథకం దాకా ఆగాల్సి వచ్చింది.

గేజి మారిస్తే పాత దారంతా పోదు. సమతలంలో అదే కట్టను వెడల్పు చేసి కొత్త పట్టాలు వేస్తారు. కొండల్లో, పెద్ద వంతెనల దగ్గర, ఊళ్ల నడుమ ఇరుకు మలుపుల దగ్గర మాత్రం పాత దారిని వదిలి కొత్తది వెతుక్కుంటారు. నల్లమలలో చలమ, బొగద స్టేషన్ల మధ్య ఉన్న దొరబావి వంతెన ఇందుకు నిలువెత్తు సాక్ష్యం. 1884–87 మధ్య లోయకు అడ్డంగా కట్టిన ఆ ఎత్తైన వంతెన మీదుగానే సీమ నుంచి బెజవాడ వైపు మీటర్ గేజి బండ్లు నూరేళ్లకు పైగా నడిచాయి. 1990ల గేజి మార్పిడిలో లైనును పక్కకు మళ్లించారు. అడవిలో స్తంభాలు మిగిలాయి. కృష్ణ ఒడ్డుకు కరువు గింజల కోసం బయలుదేరిన లైనుకు అంతకన్నా గొప్ప గుర్తు మరొకటి లేదు. దాన్ని కాపాడవలసిన చారిత్రక కట్టడంగా ఎప్పుడో గుర్తించి ఉండాల్సింది.

గోదావరి వైపు కథ వేరు. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో పడింది. పట్టుమని పన్నెండేళ్లు నడిచిందో లేదో, రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఉక్కుకు కరువైన కాలం అది. రాబడి తక్కువ ఉన్న శాఖా లైన్ల పట్టాలు ఊడదీసి యుద్ధ అవసరాలకు తరలించారు. 1940లో కోటిపల్లి లైను అలా పోయింది. అది మూతపడింది నష్టం వల్ల మాత్రమే కాదు, దాని ఇనుము మరెక్కడో కావలసి రావడం వల్ల. కోనసీమ జనం దాన్ని మరిచిపోలేదు. 64 ఏళ్ల తర్వాత, 2004లో, మళ్లీ అవే ఊళ్లను కలుపుతూ లైను తెరుచుకుంది. పోయిన రైలు దారి తిరిగి రావడం తెలుగు నేల మీద ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. అయితే తిరిగి రావడానికి రెండు తరాలు పట్టింది. ఇప్పుడు ఆ లైనును నరసాపురం దాకా పొడిగించే పని గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద వంతెనలు కడుతూ ఏళ్ల తరబడి సాగుతోంది.

హేవలాక్ వంతెనది మరో తరహా కథ. 56 గడులతో 1900లో మొదలై, 1997లో ఆఖరి బండి దాటాక రైల్వే దాన్ని పక్కన పెట్టింది. రాజమహేంద్రవరంలో దాన్ని నడక వంతెనగా, విహార స్థలంగా మార్చాలన్న ఆలోచన అప్పటి నుంచీ వింటూనే ఉన్నాం.

లైను ఎత్తేసే తీరు కూడా చెప్పుకోవాలి. ముందు రెండు పట్టాలను కలిపే ఫిష్ ప్లేట్ల బోల్టులు విప్పుతారు. పట్టాలను స్లీపర్ల నుంచి వేరు చేసి, ట్రాలీల మీద ఎక్కించి, మిగిలిన లైను మీదుగానే స్టేషన్‌కు లాక్కెళతారు. అంటే లైను తన చివర నుంచి మొదలుకి తననే మోసుకుంటూ వెనక్కి పోతుంది. తర్వాత స్లీపర్లు, ఆఖరున కంకర. చెక్క స్లీపర్లు వేలంలో కొన్నవాళ్ల ఇళ్లలో దూలాలుగా, దొడ్డి తలుపులుగా తేలేవి. అరిగిన పట్టాలను నిలువునా పాతి కంచె కమ్మీలుగా వాడేవారు. అడుగున్నర పట్టా ముక్కకు తీగ కట్టి వేపకొమ్మకు వేలాడదీస్తే అది బడి గంట. ఇనుప కడ్డీతో కొడితే ఆ ఖంగుమనే మోత పొలాల అవతలికి వినపడేది. తెలుగు పల్లెల్లో లెక్కలేనన్ని బళ్లు ఆ గంటతోనే మొదలయ్యేవి, ఆ గంటతోనే ముగిసేవి. ఏ కంపెనీ ఏ ఏడు పోసిన ఉక్కో కొన్ని ముక్కల పక్కన అచ్చు అక్షరాల్లో చదవవచ్చు.

బెజవాడలో పట్టాలు ఊరికి అడ్డమయ్యాయి. 1951లో 1,61,198గా ఉన్న జనాభా 2011కి 10 లక్షలు దాటింది. దక్షిణాన కృష్ణ, పడమట ఇంద్రకీలాద్రి, మధ్యలో మొగల్రాజపురం, గుణదల కొండలు, ఊరిని కోస్తూ బందరు, ఏలూరు, రైవస్ కాలువలు: పెరగడానికి ఊరికి మిగిలిన చోటు తూర్పు, ఉత్తరం. సరిగ్గా అటే రైలు లైన్లూ వెళ్లాయి. గేటు పడితే అటు ఆటోలు, ఇటు సిటీ బస్సులు, మధ్యలో సైకిళ్లు వంచి కడ్డీ కింద నుంచి దూరేవాళ్లు, అంబులెన్సు ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. సత్యనారాయణపురం రైల్వే ఉద్యోగుల క్వార్టర్లతో పెరిగిన పేట. రైలు వల్ల పుట్టిన పేటకే రైలు కట్ట అడ్డుగోడ అయింది. కట్టకు ఇవతలివాళ్లు అవతలికి వెళ్లాలంటే గేటు దాకా చుట్టు తిరగాలి. ఆ లైనును ఊరి మధ్య నుంచి తప్పించాలన్న కోరిక చాలా ఏళ్లు నలిగి, చివరికి తీరింది. పట్టాలు లేచిపోయాయి.

అప్పుడు ఆ పట్టీని ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. 2005 డిసెంబరులో కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది. విజయవాడ అందులో చేరింది. బస్సులకు ప్రత్యేక దారి ఉండే బీఆర్‌టీఎస్ రోడ్డుకు ఆ నిధులతో పని జరిగింది. నడుమ బస్సుల వరస, ఇరువైపులా మామూలు వాహనాల వరసలు, మధ్యలో విభాగినులు. ఊహ మంచిది. రైలు నడిచిన నేల మీద మళ్లీ జనమంతా వాడుకునే రవాణాయే నడవాలన్న ఊహ అది. కానీ బస్సుల ప్రత్యేక వరస అనుకున్నట్టు సాగలేదు. రోడ్డుకు పేరు మిగిలింది. బీఆర్‌టీఎస్ అంటే ఏమిటో తెలియని పిల్లలు కూడా ఆ పేరుతోనే చిరునామా చెబుతారు.

అయినా ఆ రోడ్డు పేటను మార్చింది. రైలు కట్ట పక్క ఇళ్లకు అటువైపు పెరడే ఉంటుంది, వీధి తలుపు ఉండదు. రోడ్డు పడ్డాక పెరళ్లు ముఖద్వారాలయ్యాయి. వెనుక గోడలు పగిలి దుకాణాలు వచ్చాయి. పొద్దున్నే నడకకు, సాయంత్రం టిఫిన్ బండ్లకు అది నెలవైంది. ఊరి పటంలో ఆ రోడ్డును వేలితో తడిమితే రైలు దారి ఆనవాలు ఇప్పటికీ తెలుస్తుంది. ఎడ్లబండి దారిలాగా అది మూల తిరగదు. రైలు మళ్లినంత మెల్లగానే మళ్లుతుంది.

విదేశాల్లో ఈ పట్టీలను వేరేగా వాడుకున్నవాళ్లు ఉన్నారు. పారిస్‌లో 1969లో మూసిన ఒక లైను మీద 1993కల్లా చెట్ల నడకదారి వేశారు. న్యూయార్క్‌లో 1934లో సరుకు రవాణాకు తెరిచిన ఎత్తు మీది లైను 1980లో ఆగిపోయింది. కూల్చేద్దామన్నవాళ్లతో ఊరివాళ్లే పోరాడి నిలబెట్టుకున్నారు. 2009లో అది హై లైన్ పార్కుగా తెరుచుకుంది. రెండుచోట్లా పట్టీ తెగకుండా ఉండటమే పనికొచ్చింది. విజయవాడ దాన్ని రోడ్డుగా వాడుకుంది. ఆ ఎంపికతో ఏకీభవించకపోయినా, ముక్కలు చేసి అమ్ముకోలేదన్నది గుర్తించాలి. పట్టీ మధ్యలో ఒక్క వంద గజాలు ఎవరికైనా రాసిచ్చేస్తే, మిగిలిన కిలోమీటర్లకు దారిగా విలువ పోతుంది.

ఎత్తేయని లైన్ల సంగతి చూస్తే ఈ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మీటర్ గేజిగా మొదలైన గుడివాడ వైపు లైన్లు, భీమవరం, నరసాపురం, నిడదవోలు, బందరు (మచిలీపట్నం) శాఖలతో కలిపి 221 కిలోమీటర్లు, ఈమధ్యనే రెండో లైను, కరెంటు తీగలు సంతరించుకున్నాయి. ఆనాడు కట్టల కోసం సేకరించిన నేలే దానికి ఆధారం. మరోవైపు అమరావతి కోసం ఎర్రుపాలెం నుంచి నంబూరు వరకు 57 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. అంచనా 2,245 కోట్ల రూపాయలు, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల కొత్త వంతెనతో కలిపి. పచ్చటి పొలాల్లో కొత్తగా ఒక రైలు పట్టీ చేకూర్చుకోవడానికి ఈ రోజు అయ్యే ఖర్చు ఆ స్థాయిలో ఉంటుంది.

కాబట్టి పురపాలక సంఘాలు, రైల్వే డివిజన్లు కలిసి చేయవలసిన పని ఒకటుంది. డెల్టాలో వాడుక తప్పిన ప్రతి లైనును, సైడింగును, మలుపు సరిచేసినప్పుడు వదిలిన పాత కట్టను మొదటి నుంచి చివరి దాకా కొలిచి, తూములతో సహా ఒకే పటంలో గీసి, అందరూ చూసేలా పెట్టాలి. అమ్మకం, లీజు, ఇళ్ల పట్టాల మాట ఆ పటం తయారయ్యాకే రావాలి.